ఎండబెట్టిన తొమ్మిది కిలోలు

నాకింకా ముప్పై నిండలేదు గాని ఒక ఉద్యోగం నుంచి రిటైరయ్యాను. నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నాలుగేళ్లు డైటీషియన్‌గా చేసి, నా అంతట నేనే మానేశాను. సన్మానం జరగలేదు. శాలువా కప్పలేదు. ఐడీ కార్డు మాత్రం వాపసు తీసుకున్నారు, మెడలో వేసుకునే తాడుతో సహా. ఇప్పుడు కాలేజీలో ఇదే విద్య పిల్లలకు చెబుతున్నాను. వాళ్లు అడుగుతుంటారు, "సార్, మీ సక్సెస్ కేసు ఒకటి చెప్పండి" అని. సక్సెస్ కేసులు ఆసుపత్రి గోడల మీద బోలెడున్నాయి, వెళ్లి చదువుకోండి. రేపు మీరు కుర్చీలో కూర్చున్నాక పనికొచ్చేది నేను చెడగొట్టిన కేసు.

మా ఆసుపత్రికి హైదరాబాద్ నుంచి ఒక సర్జన్ రెండు శనివారాలకోసారి వచ్చి, బాగా లావున్నవాళ్లకు పొట్ట సంచిని కోసి సన్నటి గొట్టంలా కుట్టి వెళ్లేవారు. ఆపరేషన్ ఆయనది. దానికి ముందు ఆరు వారాలు నావి. ఎందుకంటే లావు మనిషి కాలేయం కొవ్వు పట్టి, వాచి, పొట్ట సంచి మీద తడి దుప్పటిలా పడి ఉంటుంది. దాన్ని ఎత్తితేనే కింద కోయాల్సింది కనిపిస్తుంది. వాచినదాన్ని ఎత్తబోతే చిరుగుతుంది, రక్తం ఆగదు. ముందుగా తిండి తగ్గిస్తే అది మెత్తబడి చిన్నదవుతుంది. ఈ పనికి ఆసుపత్రి నాకిచ్చిన ఆయుధాలు మూడు: ఒక కాంటా, ఒక డైట్ షీటు, ఎంత తినాలో చూపడానికి ఒక ప్లాస్టిక్ ఇడ్లీ.

నా బరువు యాభై రెండు కిలోలు. బోధన్ దగ్గర క్యాంపులో, చెరుకు తోటల మధ్య పుట్టి పెరిగాను. మా తాతలు కోస్తా నుంచి వచ్చి కాలువ కింద పొలాలు చేసుకున్నవాళ్లు. అంత తీపి మధ్య పెరిగి ఇలా ఎలా మిగిలానో మా అమ్మకూ తెలియదు. నా గదిలోకి వచ్చిన పేషెంటు ముందు నన్ను చూసి, తర్వాత షీటు చూసి, మళ్లీ నన్ను చూసేవాడు. కొందరు జాలిపడేవారు.

మన కథలోని మనిషి వేల్పూర్ వైపు ఊరి నుంచి వచ్చిన పసుపు రైతు. నలభై ఆరేళ్లు, నూట ముప్పై ఎనిమిది కిలోలు. షుగరు, బీపీ, మోకాళ్లు. ఇవన్నీ ఆయనే చెప్పాడు, ఎకరాలు చెప్పినంత ధీమాగా. అసలు సంగతి చెప్పింది పక్కనున్న భార్య.

"ఈయన పండుకుంటె అది గురక గాదు తమ్మీ, రైసుమిల్లు. మిల్లు నడుస్తె నాకు రంది లేదు. బందైతెనే రంది. ఊపిరాగుతది. నేను దిగ్గున లేసి కాలు బొటనేలు గుంజుత. అప్పుడు మల్ల తీస్కుంటడు."

"ఎన్నాళ్ల నుంచి అక్కా?"

"రెండేండ్లాయె. నేను పండుకోక గూడ రెండేండ్లే."

"దీనికి నిద్ర తక్కువ సార్, అనుమానమెక్కువ" అన్నాడాయన.

ఆమె నవ్వలేదు. ఆ ఇంట్లో ఒకరి ఊపిరి ఇంకొకరి మెలకువ మీద నడుస్తోంది. ఆమె ఒక్క రాత్రి ఒళ్లెరగకుండా నిద్రపోతే చాలు, ఆయన ఊపిరి తిరిగి రాదు. నిద్రలో ఊపిరి ఆగుతోందని మా పరీక్షల్లో కూడా తేలింది. సర్జన్ తేదీ ఇచ్చి, కింద ఒక గీత గీశారు: ఆరు వారాల్లో నూట ముప్పైకి దిగాలి, లేకపోతే తేదీ ఇంకొకరికి పోతుంది.

షీటు చదివి ఆయన అడిగాడు, "రెండు పుల్కలు, గిన్నెడు పప్పు, కీర ముక్కలు. ఇది మనిషికా సార్, కుందేలుకా?"

"కుందేలుకు బీపీ లేదన్నా."

అంతే, దోస్తీ కుదిరింది. ప్రతి శుక్రవారం వచ్చేవాడు, కాంటా ఎక్కేవాడు, ఇద్దరం కాసేపు ఒకరి మీద ఒకరం జోకులేసుకునేవాళ్లం. పిల్లలూ, ఇక్కడే ఒక మాట. సరదా పేషెంటు దొరికితే జాగ్రత్తగా ఉండండి. సరదా డైటీషియన్ కూడా తోడైతే ఇంకా జాగ్రత్తగా ఉండండి.

రెండో వారం అన్నాడు, "సార్, రాత్రిపూట చేతులు వణుకుతున్నయ్. చెమటలు వడుతున్నయ్."

"అన్నం మీద విరహం అన్నా. మెల్లగా తగ్గుతుంది."

ఆయన పడీ పడీ నవ్వాడు. నేను ఫైల్లో 'పేషెంటు ఉత్సాహంగా ఉన్నాడు' అని రాశాను.

మూడో వారానికి నాలుగు కిలోలు పోయాయి. పెదాలు పగిలి ఉన్నాయి. ఎలా సాధించావన్నా అంటే కాంటా మీంచి దిగుతూ చెప్పాడు, "తూకం గురించి పసుపు రైతుకు చెప్తవా సార్? పచ్చి కొమ్ము ఎంత తూగుతది, ఉడకబెట్టి ఆరబెడితె ఎంత మిగుల్తది, నిద్రల లేపి అడుగు, చెప్త. నన్ను నేనే ఆరబెట్టుకుంటున్న."

నేను నవ్విన నవ్వుకు వార్డు నర్సక్క తలుపు తీసి చూసింది. అంత స్పష్టంగా నేరం ఒప్పుకున్న మనిషిని నేను తర్వాత మళ్లీ చూడలేదు. నేను చేసిందల్లా ఆయన భుజం తట్టి వచ్చే శుక్రవారం రమ్మనడం.

నాలుగో వారానికి ఆయన బరువు గీత తిన్నగా కిందికి దిగింది, పాఠ్యపుస్తకంలో బొమ్మలాగా. దాన్ని రంగు కాగితం మీద పెద్దగా ప్రింటు తీసి వెయిటింగ్ హాల్ గోడకు అంటించాను. అక్కడితో ఆగితే బాగుండేది. ఆపరేషన్ కోసం తయారవుతున్నవాళ్లు మరో ఇద్దరుండేవారు, మా బోధన్ వైపు క్యాంపు నుంచి వచ్చే ఒక పెద్దావిడ, మాక్లూర్ నుంచి వచ్చే ఒక కారు డ్రైవరు. ఇద్దరి బరువూ కదలడం లేదు. "ఆయన్ని అడగండి, ఎలా తగ్గాలో చెబుతాడు" అన్నాను. అప్పట్నుంచి శుక్రవారం పొద్దున ముగ్గురూ బెంచీ మీద తలలు దగ్గరగా పెట్టి మాట్లాడుకునేవారు. నన్ను చూడగానే ఆపేసేవారు. గౌరవం అనుకున్నాను. వారం తిరిగేసరికి ఆ ఇద్దరూ కూడా తగ్గడం మొదలుపెట్టారు. ఆసుపత్రి యాజమాన్యం నాకు ఒక కప్పు టీ ఇప్పించింది.

ఆరో శుక్రవారం ఆయన అడ్మిటయ్యే రోజు. మర్నాడు ఆపరేషన్. భార్య రెండు సంచులు సర్దుకుని వచ్చింది. ఆయన కాంటా ఎక్కాడు. నూట ఇరవై తొమ్మిది. గీత దాటి ఇంకో కిలో. నర్సక్క చప్పట్లు కొట్టింది. ఆయన చేయి పైకెత్తి, గెలిచిన సర్పంచిలా దిగి, రెండడుగులేసి, కళ్లు తేలేశాడు.

పట్టుకుందామని పరుగెత్తాను. యాభై రెండు కిలోలవాడు నూట ఇరవై తొమ్మిది కిలోల మనిషిని పట్టుకుంటే ఏం జరగాలో అదే జరిగింది. ఇద్దరం నేల మీద ఉన్నాం, నేను కింద. మొదటి రోజు బరువుతో పడుంటే ఈ జ్ఞాపకాలు ఇంకెవరో రాయాల్సి వచ్చేది.

మత్తు డాక్టరమ్మ వచ్చారు. యాభై దాటిన మనిషి, మాట తక్కువ, చూపు ఎక్కువ. ఆయన్ని మంచం ఎక్కించాక అరచేతి వెనక చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి పైకి లాగి వదిలారు. అది గుడారంలా నిలబడి, చాలాసేపటికి గాని కిందికి దిగలేదు. నాలుక చూశారు. షుగరు చూశారు, బాగా పడిపోయి ఉంది. గ్లూకోజు ఎక్కించారు. రక్తం పరీక్షకు పంపారు. మధ్యాహ్నానికి రిపోర్టు వచ్చింది, కిడ్నీలు ఆపసోపాలు పడుతున్నాయని.

"ఇది తగ్గిన మనిషి కాదు" అన్నారు నాతో. "ఎండిన మనిషి. రేపు ఈయనకు మత్తిస్తే నేను లేపలేను."

ఆపరేషన్ రద్దయింది. సర్జన్ ఫోన్‌లో రెండు మాటలే అన్నారు, "లిస్టులోంచి తీసేయండి."

రెండు సీసాలు లోపలికి పోయాక ఆయనకు మాట వచ్చింది. డాక్టర్ మేడం మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"నీళ్లు తాగి ఎన్నాళ్లయింది?"

"బుధారం పొద్దుగాల బంద్ వెట్టిన మేడం. ప్రతి తూకానికి ముందు రెండొద్దులు బంద్. పసుపు ఆరబోసిన కల్లంల గొంగడి కప్పుకొని ఎండకు కూసుంట. నీళ్లు వొయ్యే బీపీ గోలి మాత్రం ఒక్క పూట గూడ ఇడవలే." ఆ చివరి మాట మెచ్చుకోలు కోసం చెప్పినట్టు చెప్పాడు.

"ఎవరు చెప్పారు ఇట్లా చేయమని?"

"ఎవరు జెప్పాలె? సార్ తూకం తగ్గాలన్నడు. తగ్గిన. కాంట మీద ఎంతుంటె గంతే గద మేడం."

"మార్కెట్‌కు పసుపు తీసుకపోతే కాంటా ఒక్కటే చూస్తరా? కొమ్ము విరిచి చూడరా?"

ఆయన కాసేపు సెలైన్ బొట్లు లెక్కపెట్టినట్టు పైకి చూశాడు. "సూస్తరు" అన్నాడు.

"మరి తిండి?"

ఈసారి భార్య అందుకుంది. ఆయన నీళ్లు మానేస్తున్నట్టు ఆమెకూ తెలియదు. కల్లం ఊరి బయట ఉంది. ఆమెకు తెలిసింది ఇంట్లో జరిగేది. "పగలంత సార్ జెప్పినట్లె తింటడు మేడం. రాత్రి అయితె చేతులు వణుకుతయ్, అంగి పిండితె నీళ్లు గారెటట్టు చెమట. మాట తడవడుతది. నాకు బుగులైతది. ఇంత బువ్వ కలిపి తినవెడ్త. తిన్నంక నిమ్మలమైతడు. ఆకలితోని ఇడిసి పెట్టి ఎట్ల పండుకుంట మేడం?"

మేడం ఆమె వైపు చూడలేదు. నా వైపు చూశారు.

"తిండి సగం చేసినవ్. షుగర్ గోలీ ఎవరన్నా తగ్గించారా?"

ఎవరూ తగ్గించలేదు. తగ్గించమని డాక్టర్‌కు చీటీ రాయాల్సింది నేను. సగం తిండికి పూర్తి గోలీ వేసుకుంటే రాత్రికి షుగర్ పడిపోతుంది, చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. ఇది మొదటి సంవత్సరం పాఠం, నేనే మీకు చెబుతుంటాను. అది ఆకలి కాదు, శరీరం కొట్టుకోవడం. ఆమె అన్నం పెట్టి ప్రతి రాత్రీ ఆయన్ని బతికించింది. అన్నం తిన్నాక బరువు ఎలా తగ్గుతుంది? తగ్గకపోతే తేదీ పోతుంది. తేదీ పోతే ఆమె నిద్ర ఇంకా వెనక్కి పోతుంది. అందుకని ఆయనకు తెలిసిన విద్య ఆయన వాడాడు. ఈ గొలుసులో మొదటి లంకె నాది. దానికి నేను విరహం అని పేరు పెట్టాను.

ఆ నిమిషంలో నాకు జోకేమీ తట్టలేదు. తట్టింది వేరే. వెయిటింగ్ హాల్ గోడ, ఆ పక్కన బెంచీ, ఆ బెంచీ మీద మూడు తలలు.

ఫోన్ దగ్గరికి నడిచాను. పరుగెత్తి ఉంటే నర్సక్క భయపడేది. క్యాంపు పెద్దావిడ మొదటి రింగుకే ఎత్తింది.

"నీళ్లు తాగుతున్నారా అండీ?"

"ఇవాళ తాగుతున్నానయ్యా. శుక్రవారం తూకం అయిపోయిందిగా."

"నిన్న?"

"నిన్న ఎలా తాగుతాను? మొన్నా నిన్నా మానేశాను. నువ్వేగా అబ్బాయ్ ఆయన్ని అడగమంది. గోడకు అంటించావు కూడానూ. ఏం, ఇప్పుడు ఆ పద్ధతి మారిందా?"

డ్రైవరు ఇంకో మెట్టు పైకెక్కాడు. "సార్, నేను అన్న కంటె మంచిగ జేసిన. బండి అద్దాలు మొత్తం ఎక్కించి, ఏసీ బంద్ జేసి, రెండు గంటలు ఎండల కూసున్న. కిలోంబావు వోయింది. రాస్కుంటరా?"

రాసుకున్నాను. సాయంత్రానికి ఇద్దర్నీ పిలిపించి రక్తాలు తీయించాను. వాళ్ల అదృష్టమో, మొదలుపెట్టి రెండు వారాలే కావడమో, పెద్ద నష్టమేమీ జరగలేదు. తర్వాత హాల్లోకి వెళ్లి గోడ మీది కాగితం పీకేశాను. టేపుతో పాటు సున్నం కూడా ఊడింది. దాని గురించి మేనేజరు నాకు మెమో ఇచ్చాడు. మొత్తం కేసులో నాకు రాతపూర్వకంగా వచ్చిన శిక్ష అదొక్కటే.

మర్నాడు పొద్దున ఆయన్ని కాంటా ఎక్కిస్తే నూట ముప్పై అయిదు.

"ఒక్క రాత్రికి ఆరు కిలోలు వెరిగిన్నా సార్!"

"పెరగలేదన్నా. మీవి మీకు తిరిగొచ్చాయి."

"డేట్ వోయినట్టేనా?"

"పోయింది. తప్పు నాది. మీరు వణుకుతున్నానని చెప్పారు, ఆరబెట్టుకుంటున్నానని చెప్పారు. నేను నవ్వాను."

ఆయన ఇబ్బందిపడ్డాడు. డాక్టరు బట్టల్లో ఉన్నవాడు తప్పు ఒప్పుకోవడం ఆయనకు అలవాటు లేదు. "సగం నాది గూడ ఉన్నది సార్. ఇంక తూకమేసి పంచుకునుడెందుకు, సమానం అనుకుందాం."

భార్య సంచులు మళ్లీ సర్దుతోంది. "పోతె వాయె" అంది. "ఇన్నొద్దులు బొటనేలు గుంజిన. ఇంగో రెండు నెలలు గుంజితె చెయ్యి అరిగిపోతదా."

ఆ రెండు నెలలు నేను ఉద్యోగం నేర్చుకున్నాను. షుగర్ డాక్టర్‌తో కూర్చుని గోలీ తగ్గించాం. వారం లోపల వణుకు పోయింది, దాంతో పాటు రాత్రి అన్నం కూడా పోయింది. షీటు చింపేసి, ఇంట్లో వండేవాటితోనే కొత్తది రాశాం, చిన్న గిన్నెలో మొక్కజొన్న సంకటి, అదే వాళ్ల మక్క గట్క, ఉంచాం, పప్పు పెంచాం, రెండు గుడ్లు చేర్చాం. శుక్రవారం తూకం ఎత్తేశాను. కాంటాను గోడ వైపు తిప్పి పెట్టి, బదులుగా దర్జీ టేపుతో నడుము కొలిచేవాణ్ణి. రోజుకు మూడు లీటర్ల నీళ్లు, బాటిల్ మీద గీతలు గీసి.

ఒంట్లో నీళ్లు సరిపోతున్నాయో లేదో మూత్రం రంగు చూసి చెప్పమన్నాను. పసుపు రైతును అడగకూడని ప్రశ్న అది. రోజూ పొద్దున ఫోన్ చేసి ఒక పసుపు రకం పేరు చెప్పేవాడు, ఏది ముదురో ఏది లేతో వివరంతో సహా. ఏ రకం పేరూ గుర్తురాని రంగు రావాలన్నా అని చెప్పాల్సి వచ్చింది. పది రోజులకు ఫోన్ చేసి, "సార్, ఇయ్యాల పేరు దొరకలే" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. ఈసారి నవ్వాక నేను నాలుగు ప్రశ్నలు కూడా అడిగాను.

ఆపరేషన్ ముందు శుక్రవారం మళ్లీ వచ్చింది. అదే నర్సక్క, అదే కాంటా. ఆయన ఎక్కాడు. ముఖం బాగుంది, పెదాలు తడిగా ఉన్నాయి, బెల్టుకు కొత్త చిల్లులు పడ్డాయి. ముల్లు ఆగింది.

నూట ముప్పై ఒకటి.

నర్సక్క నా వైపు చూసింది. గీత నూట ముప్పై. ఆయనకు లెక్క నాకంటే ముందే తెలిసింది. గొంతు తగ్గించి, "సార్, ఒక్క పూట టైమిస్తరా?" అన్నాడు. ఆ ఒక్క పూటలో ఏం చేస్తాడో ఆ గదిలో అందరికీ తెలుసు. భార్య ఆయన చేయి పట్టుకుని కాంటా మీంచి దించింది.

సర్జన్‌కు ఫోన్ చేశాను.

"ఎంత?"

"నూట ముప్పై ఒకటి సార్."

"గీత ఎంత?"

"ముప్పై సార్. కానీ పోయినసారి గీత కింద ఎండిన మనిషి వచ్చాడు. ఈసారి ఒక కిలో పైన సరైన మనిషి వచ్చాడు. నడుము అయిదంగుళాలు తగ్గింది. షుగర్ నిలకడగా ఉంది."

మత్తు డాక్టరమ్మ నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నారు. అప్పటికే ఆమె ఆయన చర్మం లాగి చూశారు, అది వదలగానే చోటికి పోయింది. రక్తం రిపోర్టు ఎడమ చేతిలో ఉంది.

"నేను మత్తిస్తాను" అని చెప్పి ఫోన్ నాకు తిరిగిచ్చారు.

సర్జన్ నాతో అన్నారు, "సరే. కెమెరా పెట్టి చూస్తా. కాలేయం లేవకపోతే అక్కడికక్కడే మూసేసి బయటికొస్తా. వాళ్లావిడకు నువ్వే చెప్పాలి."

శనివారం పొద్దున ఎనిమిదింటికి లోపలికి తీసుకుపోయారు. మొదటిసారి నూట ఇరవై తొమ్మిదితో వచ్చి వెనక్కి పోయిన మనిషి, రెండోసారి నూట ముప్పై ఒకటితో వచ్చి లోపలికి పోయాడు. ఇది మీ పరీక్షలో అడగరు. అయినా రాసి పెట్టుకోండి.

బయట బెంచీ మీద నేనూ ఆమే కూర్చున్నాం. కాలేయం సంగతి ముందే చెప్పాను, పొట్టకు అయిదు చిన్న తూట్లు పెట్టి లోపలికి చూస్తారని, ఎత్తితే లేవాలని, లేవకపోతే ఇంతే సంగతులని. ఆమె విని తలూపింది. చెప్పాల్సి వస్తే ఏ మాటతో మొదలుపెట్టాలా అని లోపల కూడబలుక్కుంటున్నాను. ఒక్కటీ సరిగ్గా కుదరలేదు.

గంట దాటింది. త్వరగా బయటికొస్తే చెడ్డ వార్త, అందుకని ఆ తలుపు తెరుచుకోకూడదని నేను చూస్తున్నాను. తెరుచుకోలేదు. ఇంకో అరగంటకు సర్జన్ టోపీ తీస్తూ వచ్చి, ఆమెకు నమస్కారం పెట్టి, నాతో, "మెత్తగా ఉంది, ఈజీగా లేచింది. మీ పేషెంటు నిజంగానే రాత్రి తిండి మానేశాడయ్యా" అని, టీ కోసం అటు వెళ్లిపోయారు.

ఆమె నా చొక్కా పట్టుకుని లాగింది. "ఏమన్నడు తమ్మీ సారు?"

"ఆపరేషన్ బాగా అయింది అక్కా. లోపల కాలేయం చూశారట. అన్న రాత్రిపూట అన్నం తినడం లేదని తేలిందట."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"గా ముచ్చటకు మనిషి కడుపుకు అయిదు తూట్లు వొడవాల్నా తమ్మీ? నన్నడిగితె నేను జెప్పకపోదునా?"